వంపు చెప్పే సాక్ష్యం

సామర్లకోటలో ఏ డాబా మీద నిలబడి చూసినా కనిపించే చుక్కల్లో ఒకటి ప్రతిపదార్థంతో, అంటే ఆవేశం తలకిందులైన కణాలతో, చేసినదైతే, చూసేవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా అంతే. కాంతి కణానికి ప్రతికణం మళ్లీ కాంతి కణమే. ప్రతిహైడ్రోజన్ రంగులూ హైడ్రోజన్ రంగులూ ఒక్కటే అని 2016 నుంచి సెర్న్ ప్రయోగశాలలో చేసిన కొలతలు చూపుతున్నాయి. 1933 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసం ముగిస్తూ పాల్ డిరాక్ ఈ మాటే అన్నాడు: నక్షత్రాల్లో సగం ఒక రకం, సగం ఇంకో రకం కావచ్చు, వర్ణపటం చూసి తేడా పట్టలేం. కంటికి చిక్కని ఈ తేడాను పట్టుకోవడానికి మనుషులు చూపిన పనితనమే ఇక్కడి విషయం. ప్రతినక్షత్రం దొరికిందా అని అడిగేవారికి ముందే చెప్పేస్తాను, దొరకలేదు.

మొదటి పనిముట్టు అయస్కాంతం. విద్యుదావేశం ఉన్న కణం అయస్కాంత క్షేత్రంలోకి వస్తే దాని దారి వంగుతుంది. ఎలక్ట్రాన్ ఒక పక్కకు, దాని ప్రతికణం పాజిట్రాన్ రెండో పక్కకు. ఈ విద్యలో చేయి తిరిగినవారు మన గోదావరి జిల్లాల్లోనే ఒకాయన ఉండేవారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. సన్యాసిగా ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల (వేగపు ఎలక్ట్రాన్ల) మీద పనిచేశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. వాల్తేరులో ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. 1947లో అమెరికాలో అచ్చయిన ఆయన గ్రంథం ‘హై వాక్యువా’ ఆత్మ గురించి కాదు, గాజు గొట్టాల్లోంచి గాలిని తోడేయడం గురించి! సన్యాసి శూన్యం మీద పుస్తకం రాశాడంటే నవ్వొస్తుంది గానీ అవసరం అలాంటిది: బీటా కణం గాలి అణువులకు గుద్దుకుంటూ పోతే దాని వంపు చెడిపోతుంది, కొలత దేనికీ పనికిరాదు. స్వామి ప్రతినక్షత్రాలను వెదకలేదు. కానీ వెదికేవాళ్ల విద్యకు మూలం ఈ వంపు కొలిచే పనే.

వంపు ఒక్కటే చాలదు. కింది నుంచి పైకి పోయే రుణ కణం, పై నుంచి కిందికి వచ్చే ధన కణం ఒకే రకంగా వంగుతాయి. ఎటు నుంచి వచ్చిందో తెలియకపోతే వంపు అబద్ధం చెబుతుంది. 1932లో కార్ల్ ఆండర్సన్ దీనికి చేసిన ఉపాయం నాకు ఎప్పటికీ ముచ్చటే. కణాల దారిని గీతగా చూపే మేఘపేటిక మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక అడ్డం పెట్టాడు. పలకలోంచి దూరిన కణం కొంత శక్తి పోగొట్టుకుంటుంది, ఆవలి వైపు మరింత వంగుతుంది. గీత ఎక్కడ ఎక్కువ వంగిందో చూస్తే ప్రయాణం ఎటో తెలుస్తుంది. పాజిట్రాన్ అలా దొరికింది.

ఆ పలక చేసిన పనినే ఎంతో నాజూకుగా చేసే యంత్రం ఏఎంఎస్-02. నోబెల్ గ్రహీత శామ్యూల్ టింగ్ నాయకత్వంలో తయారై, 2011 మే 16న ఎండెవర్ నౌకలో బయల్దేరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అతుక్కుంది. బరువు ఏడున్నర టన్నులు. నేల మీద పెడితే లాభం లేదు, ప్రతిహీలియం కేంద్రకం ఏదైనా వస్తే మన గాలిలోనే నాశనమైపోతుంది.

దాని అయస్కాంతం దగ్గర కాసేపు ఆగాలి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన దిమ్మలు ఆరు వేలకు పైగా తెచ్చి, 64 భాగాలుగా గుండ్రంగా పేర్చి అతికించారు. ఒక్కో భాగం ముఖం ఒక్కో కోణంలో తిప్పి ఉంటుంది. ఫలితంగా గొట్టం లోపల క్షేత్రం బలంగా, సమంగా ఉంటుంది. బయట దాదాపు ఉండదు. ఉంటే భూమి అయస్కాంతం దాన్ని పట్టుకుని, దిక్సూచి ముల్లును తిప్పినట్టు అంతరిక్ష కేంద్రాన్నే మెలిపెట్టేది. అంతకన్నా బలమైన అతివాహక అయస్కాంతాన్ని కూడా తయారుచేశారు. దాన్ని చల్లబరిచే ద్రవ హీలియం మూడేళ్లలో అయిపోతుంది. అంతరిక్ష కేంద్రం ఆయుష్షు పెంచుతున్నారని తెలిసి, 2010లో, ప్రయోగానికి ఏడాది ముందు, దాన్ని పక్కనపెట్టి 1998లో ఒకసారి ఎగిరొచ్చిన ఈ పాత అయస్కాంతాన్నే బిగించారు. క్షేత్రం బలహీనమైతే వంపు తగ్గుతుంది కదా! అందుకని వంపు కొలిచే సిలికాన్ పలకలను పైకీ కిందికీ దూరంగా జరిపారు. దారి పొడవైతే చిన్న వంపైనా కనిపిస్తుంది. తొమ్మిది వరుసల ఆ పలకలు కణం దారిని మిల్లీమీటరులో నూరోవంతు వరకు చెబుతాయి. ఆండర్సన్ సీసపు పలక పనిని మెరుపు గడియారాలు చేస్తాయి: పైన రెండు, కింద రెండు తలాలు, ఎక్కడ ముందు మెరిస్తే అటునుంచి వచ్చినట్టు.

మరమ్మతుకు వీలుగా తయారుచేసిన యంత్రం కాదిది. చల్లదనం పంపులు చెడిపోతే 2019 నవంబరు నుంచి 2020 జనవరి మధ్య లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గన్ నాలుగుసార్లు బయటికి వెళ్లి, లావు చేతి తొడుగులతో సన్నని గొట్టాలను కోసి కొత్త పంపులకు కలిపారు.

ఇప్పటికి 20,000 కోట్లకు పైగా కణాలు ఆ గొట్టంలోంచి పోయాయి. వాటిలో ఎనిమిది ప్రతిహీలియంలా ఉన్నాయని 2018లో టింగ్ చెప్పాడు. రమారమి పది కోట్ల హీలియం కేంద్రకాలకు ఒకటి. ఎనిమిదిలో రెండు నాలుగు కణాల ప్రతిహీలియం-4 కావచ్చు. అదే అసలు చిక్కు. కణాల ఢీకొట్టులో ప్రతిప్రోటాన్లు తేలిగ్గా పుడతాయి గానీ, కేంద్రకానికి ఒక్కో కణం చేరేకొద్దీ అవకాశం వెయ్యోవంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. 2011లో అమెరికాలోని స్టార్ ప్రయోగం వంద కోట్ల బంగారు కేంద్రకాల ఢీలు గాలిస్తే దొరికిన ప్రతిహీలియం-4 కేంద్రకాలు 18. అంతరిక్షంలో అవి నిజంగా తిరుగుతుంటే వండిన పొయ్యి వేరే ఎక్కడో ఉండాలి. ప్రతినక్షత్రం అన్న మాట అక్కడ మళ్లీ వచ్చింది.

సామర్లకోట భీమేశ్వరుణ్ణి కింది అంతస్తులో చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. లింగం రెండు అంతస్తులు ఎత్తు, మేడ మెట్లు ఎక్కాలి. ఈ ప్రశ్నకూ రెండో అంతస్తు ఉంది, గామా కిరణాలు. నక్షత్రాల మధ్య పలచని వాయువు ప్రతినక్షత్రం మీద పడితే రెండూ హరించుకుపోయి గామా కిరణాలు వస్తాయి. వాటి శక్తికి ప్రకృతే హద్దు గీసింది: ప్రోటాన్ ద్రవ్యరాశికి సరిపడే శక్తి, అంటే దాదాపు 940 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకు మించి రావు.

తులూజ్‌కు చెందిన సిమోన్ దుపూర్కే, లుయిజీ తిబాల్దో, పీటర్ ఫాన్ బాల్మూస్ గామా కిరణాలను చూసే ఫెర్మి ఉపగ్రహం పదేళ్ల జాబితాను ముందు పెట్టుకున్నారు. మొత్తం 5,787 గామా మూలాలు. బిందువులా కాక పరుచుకున్నవి తీసేశారు. లయగా మెరిసే పల్సార్ అనో, దూరపు గెలాక్సీ అనో గుర్తు తెలిసినవి తీసేశారు. ఆ హద్దు దాటి మెరిసినవి తీసేశారు. మిగిలినవి 14. 2021 ఏప్రిల్‌లో అచ్చయిన పత్రం శీర్షికలో ‘కనుగొన్నాం’ లేదు, ‘పరిమితులు’ అని ఉంది. పద్నాలుగూ ప్రతినక్షత్రాలే అనుకున్నా, మన చుట్టుపక్కల పది లక్షల నక్షత్రాలకు రెండున్నర మించవని తేల్చారు. నాకు ఒక్క లోటే కనిపిస్తుంది, దాన్ని వాళ్లే ఒప్పుకున్నారు: వాయువు అంతగా లేని పాలపుంత శివార్లలో పాత ప్రతినక్షత్రాలు తిరుగుతుంటే అవి ఇంత బాగా మెరవవు, కాబట్టి అక్కడ హద్దు ఇంత బిగువుగా ఉండదు.

ఎనిమిదికన్నా ఈ పద్నాలుగు మీదే నాకు గురి. టింగ్ ఎనిమిదీ వచ్చి పోయిన కణాలు, మళ్లీ పిలిచి చూడలేం. ఈ పద్నాలుగు ఆకాశంలో ఎక్కడున్నాయో పత్రంలో పట్టీ ఉంది. రేడియోలోనో ఎక్స్‌రేలోనో వాటిని గమనిస్తూ, ఏది పల్సార్‌లా కొట్టుకుంటే దాన్ని ఎవరైనా కొట్టేయవచ్చు.