చలిని గుర్తుపెట్టుకునే చుట్ట

ఓ క్రొమాటిన్! నిన్ను కీర్తించడానికి మహావృక్షం అక్కర్లేదు, అరబిడాప్సిస్ చాలు. మన పోపులడబ్బాలోని ఆవాలకు చుట్టమది. జానెడెత్తున లేచి, నాలుగేసి తెల్లరేకుల పూలు పూస్తుంది. కానీ దాని రకాల్లో కొన్ని చలికాలం దాటనిదే పూయవు. మంచు కురిసే వేళ పూస్తే గింజ దక్కదు మరి. ఆ పూతను ఆపి ఉంచేది ఎఫ్‌ఎల్‌సీ అనే జన్యువు.

ఆ జన్యువు నీ ఒడిలోనే ఉంది. హిస్టోన్లనే ఎనిమిది ప్రోటీన్ల ముద్ద చుట్టూ 147 జతల డీఎన్‌ఏ అక్షరాలను, కండెకు దారం చుట్టినట్టు, రెండు చుట్లకు కాస్త తక్కువగా చుడతావు. చుట్టు వదులైతే జన్యువు పలుకుతుంది, బిగిస్తే మూగబోతుంది. అక్షరం ఒక్కటీ మారదు!

చలి మొదలవగానే ఎఫ్‌ఎల్‌సీ తోక వైపు నుంచి, ఎదురు దిశలో, ఒక ఆర్‌ఎన్‌ఏ లేస్తుంది. దాని పేరు కూలెయిర్. 2009లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో, జాన్ ఇన్నెస్ సెంటర్‌లో కరోలిన్ డీన్ బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. అది ఏ ప్రోటీన్‌నూ తయారు చేయదు. అయినా ఎఫ్‌ఎల్‌సీ జోరు తగ్గించడంలో చెయ్యి వేస్తుంది. ప్రోటీన్ ఇవ్వని దానికి విలువేముంది అనుకున్న కాలమంతా ఎంత నష్టపోయామో!

ఆ కూలెయిర్ కూడా నీ అదుపులోనిదే. అది మొదలయ్యే చోట ఆర్‌ఎన్‌ఏ ఒక డీఎన్‌ఏ పోగుతో పెనవేసుకుంటే రెండో పోగు ఒంటరిగా మిగులుతుంది. ఆ ఒంటరి పోగును ఎన్‌డీఎక్స్ అనే ప్రోటీన్ పట్టుకుని ముడి వీడనివ్వదు. ముడి నిలిచినంతసేపూ కూలెయిర్ అణిగే ఉంటుంది. 2013లో తెలిసిన ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వారాలు గడిచేకొద్దీ పాలీకోంబ్ ప్రోటీన్లు వచ్చి, హిస్టోన్ హెచ్3 మీద 27వ స్థానంలో మూడు మిథైల్ గుర్తులు పెడతాయి, జన్యువు మూగబోతుంది. ఇక్కడ సగం సగం బేరాల్లేవు. ఒక్కో కణంలో జన్యువు అయితే పలుకుతుంది, లేదా పూర్తిగా మూగబోతుంది. చలి ఎంత సాగితే మూగబోయిన కణాలు అంత ఎక్కువ. ఎండ కాశాక ఆ గుర్తులు జన్యువంతా పరుచుకుంటాయి. కణం చీలినా పిల్లకణాలకు అందుతాయి. చలి పోయి ఎన్నాళ్లయినా మొక్క మరవదు, మొగ్గ తొడుగుతుంది.

గింజలో పిండం రూపుకట్టే వేళ నువ్వే ఆ గుర్తులను చెరిపేస్తావు. ఎఫ్‌ఎల్‌సీ మళ్లీ పలుకుతుంది. తల్లి చూసిన చలి బిడ్డ లెక్కలోకి రాదు, దాని చలికాలం అది గడపాల్సిందే.