స్వరబాధిర్యము: వాచ్యలక్ష్యార్థవిచారము

బాధిర్యమనఁగా శబ్దమునే విననేరమి. స్వరబాధిర్యమట్టిది కాదు. శబ్దము వినఁబడును, దాని హెచ్చుతగ్గులు మాత్రము తెలియవు. కావున చెవిటివాని ముందు శంఖ మూదుటయను లోకోక్తి యిచ్చట నుపయోగింపదు. 1878లో గ్రాంట్ ఆలెన్ 'మైండ్' పత్రికయందు వర్ణించిన 30 ఏండ్ల విద్యావంతునకు పియానోపైఁ బ్రక్కప్రక్కనున్న రెండు స్వరముల భేదము తెలియదు. ఇది పుట్టుకతో వచ్చునదనియు, సూక్ష్మశ్రుతిభేదమును గుర్తింపలేమియే దీనికి మూలమనియు 2002లో ఇసబెల్ పెరెట్స్ మొదలగువారు చూపిరి. అపస్వరముగాఁ బాడువారందఱు నిట్టివారు కారు. చెవి బాగుగనుండియు గళము వశము గానివారు పలువురు.

ఈ పదము వినఁగనే వైయాకరణునకు ఇంద్రశత్రువృత్తాంతము స్ఫురించును. తైత్తిరీయసంహితయందలి యీ కథను పతంజలి పస్పశాహ్నికమున వ్యాకరణప్రయోజనముగా స్మరించెను. ఇచ్చట శత్రుశబ్దమునకుఁ జంపువాఁడని యర్థము. ఇంద్రుని జంపువాఁడను తత్పురుషమునకు అంతోదాత్తము వలయును (6.1.223). బహువ్రీహియందు పూర్వపదస్వరము నిలుచును (6.2.1). ఇంద్రశబ్ద మాద్యుదాత్తము. త్వష్ట ఆదియందే ఉదాత్తము పలుకుటచే ఇంద్రుఁడే చంపువాఁడుగాఁ గలవాఁడను నర్థమేర్పడి వృత్రుఁడు హతుఁడయ్యెను. అయినను ఇది స్వరబాధిర్యమునకు దృష్టాంతము కానేరదు. దోషము నోటిది, విన్నవైపు స్వరము యథాతథముగ గ్రహింపఁబడినందుననే కదా విపరీతఫలము కలిగినది!

సందర్భ మెఱుఁగక పలుకువానిని స్వరబధిరుఁడనుట లక్షణ. వానికి చెవి సరిగనుండుటచే ముఖ్యార్థబాధ, భేదాగ్రహణము సాదృశ్యము, కావున గౌణి. ఆంగ్లమున నిది రూఢము. తెలుఁగున నింకను ప్రయోజనవతియే, ప్రయోజనము నింద. కాని ముఖ్యార్థమందలివాఁడు నిందార్హుఁడు కాఁడే! ఆ నింద యెచ్చటినుండి వచ్చెను? సాదృశ్యమునుండి కాదు, వైధర్మ్యమునుండి. వానిది అశక్తి, వీనిది ఉపేక్ష.

లక్ష్యార్థమునకు మన శాస్త్రమున నిజమైన తావు కాకువు. భరతుఁడు దీనిని సాకాంక్ష నిరాకాంక్షములుగ విభజించెను. మమ్మటుఁడు వ్యంజకములలోఁ జేర్చెను. ప్రొద్దెక్కి వచ్చిన శిష్యునితో గురువు "ఎంత వేగిరము వచ్చితివి!" అనును. అది ప్రశంస యని సంతసించువాఁడే యీ బధిరుఁడు. అచ్చుపుటలో కాకువు కానరాదు గాన ఈ ప్రమాదము చదువరికి మఱింత యెక్కువ. పద్యమున నిట్టి వాక్యము వచ్చినపుడు వ్యాఖ్యాత వేగిరము = శీఘ్రముగా, వచ్చితివి = అరుదెంచితివి అని వ్రాసి తాత్పర్యమున శిష్యుని శ్రద్ధను గొనియాడును. పరీక్షలో బాలుఁడు దానినే వ్రాయును. ప్రతిపదార్థము తప్పు గాకుండుటచే వానికిఁ బూర్ణాంకములు లభించును.