పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నావళి: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పగటి నిద్రమత్తు అంచనాకు విస్తృతంగా వాడుకలో ఉన్న స్వీయ నివేదన ప్రశ్నావళి ఎప్‌వర్త్ మాపకం. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రి వైద్యుడు మర్రే జాన్స్ దీనిని 1991లో ప్రకటించారు. చదువుకుంటూ కూర్చోవడం, టీవీ చూడడం, మధ్యాహ్నం నడుం వాల్చడం, ఎదుటివారితో మాట్లాడడం, ట్రాఫిక్‌లో ఆగిన కారులో ఉండడం వంటి 8 సందర్భాలలో తనకు కునుకు పట్టే అవకాశాన్ని వ్యక్తి 0 నుండి 3 వరకు అంచనా వేసుకోవాలి. మొత్తం 24 మార్కులలో 10 దాటితే నిద్రమత్తు అధికంగా ఉన్నట్లు పరిగణిస్తారు.

2. విశిష్టత:

1973 నాటి స్టాన్‌ఫర్డ్ మాపకం ఆ క్షణంలోని మగతను మాత్రమే అడుగుతుంది. ఎప్‌వర్త్ ఇటీవలి దైనందిన జీవితాన్ని అడుగుతుంది. అలసటను, కునుకును వేరుచేసి చూడమని ముందే సూచిస్తుంది. తెలుగులో 'నీరసంగా ఉంది', 'మగతగా ఉంది', 'కునుకు పట్టింది' అనేవి మూడు వేర్వేరు స్థితులు. అనువాదంలో మూడవదాన్ని గ్రహించకపోతే ప్రశ్నావళి ప్రయోజనమే దెబ్బతింటుంది.

3. పరిమితులు:

కునికిన వ్యక్తికి తన కునుకు ప్రతిసారీ తెలియదు. పైగా, ఈమధ్య ఎదురుకాని సందర్భాన్ని ఊహించుకొని జవాబు చెప్పాలన్నది నియమం. అక్కడ నమోదయ్యేది అనుభవం కాదు, ఊహ. ఉపాధి పోతుందనే భయమున్న డ్రైవరు తన మత్తును తగ్గించి చెప్పవచ్చు. ప్రయోగశాలలో నిద్ర పట్టే వ్యవధిని కొలిచే పరీక్షతో ఈ మార్కులకు సంబంధం బలహీనమని పరిశోధనలు చూపాయి. అయితే చీకటిగదిలో పడుకోబెట్టినప్పుడు ఎంత త్వరగా నిద్ర పడుతుందనేది వేరు, పనుల మధ్య మెలకువ నిలవకపోవడం వేరు. కాబట్టి ఆ ఒక్క కారణంతో ప్రశ్నావళిని తోసిపుచ్చలేం.

అసలు చిక్కు కూడికలో ఉంది. ఒకరికి మధ్యాహ్నం పడుకున్నప్పుడు 3, భోజనానంతరం, చదువులో, టీవీ ముందు, కారు ప్రయాణంలో 2 చొప్పున వచ్చాయనుకుందాం. మొత్తం 11. మరొకరికి పడుకున్నప్పుడు 3, కారు ప్రయాణంలో 3, మాటల మధ్యలో 2, ట్రాఫిక్‌లో ఆగిన కారులో 2. మొత్తం 10. మొదటి వ్యక్తి 'అధికం', రెండవ వ్యక్తి 'సాధారణం'. మాట్లాడుతూ మాట్లాడుతూ కునికే రెండవ వ్యక్తి విషయంలోనే ఎక్కువ ఆందోళన చెందాలి. అన్ని సందర్భాలకూ సమాన విలువనిచ్చే కూడిక ఈ తేడాను కప్పివేస్తుంది.

4. ముగింపు:

ఎప్‌వర్త్ మార్కు రోగనిర్ధారణ కాదు; తన మెలకువ గురించి వ్యక్తి ఇచ్చుకున్న సాక్ష్యం. పరిశోధకులు మొత్తం మార్కుతోపాటు ప్రతి సందర్భపు మార్కునూ విడిగా నివేదించాలి. వీలైనచోట ఇంట్లోవారి పరిశీలనను కూడా జోడించాలి. అప్పుడే 10కి లోపల దాగిన ప్రమాదం పరిశోధకుల దృష్టికి వస్తుంది.