జాతి చెప్పేది, జాతి చెప్పనిది

కుక్కను తెచ్చుకుందామనుకున్న ఇంట్లో మొదట వచ్చే మాట "ఏ జాతిది తెద్దాం?" అని. అడగాల్సిన మాటే. అయితే దానికి జవాబుగా చెవిన పడేవన్నీ గుణగణాల వర్ణనలే. లాబ్రడార్ పిల్లలతో ఇట్టే కలిసిపోతుందట, జర్మన్ షెపర్డ్ ఉంటే దొంగ గేటు దాటడట, పగ్ ఫ్లాటులో ఓ మూల ఒద్దికగా పడి ఉంటుందట, హస్కీ దర్జాయే వేరట. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గురించి చెప్పినట్టే ఉంటాయి ఈ మాటలు. పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం, పూచీ మాత్రం ఎవరూ పడరు. నా వాదన ఇది: కుక్క జాతి మనకు ఖాయంగా చెప్పేది దాని ఒంటి తీరు గురించి. స్వభావం గురించి అది చెప్పేది చాలా తక్కువ. మనం ఆ తక్కువను నమ్మి కొంటున్నాం, ఖాయమైనదాన్ని గాలికొదిలేస్తున్నాం. బాధ్యతగా పెంచడమెలాగో రాసేవాళ్లు టీకాలు, తిండి, వ్యాయామం అంటూ కుక్క ఇంటికొచ్చాక చేయాల్సినవి ఏకరువు పెడతారు. అవన్నీ అవసరమే. కానీ ఎంపిక దగ్గరే జరిగిన తప్పును ఆ పనులన్నీ కలిసినా సరిచేయలేవు.

ముందు స్వభావం సంగతి. 2022లో 'సైన్స్' పత్రికలో అమెరికా పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన గురించి యజమానులను అడిగి, వాటిలో 2 వేలకు పైగా కుక్కల జన్యుక్రమాన్ని కూడా పరిశీలించారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మనిషి చెప్పిన మాట వినడం, ఊళ పెట్టడం లాంటి కొన్నిటిలో జాతి ప్రభావం కాస్త ఎక్కువగా కనిపించింది. తేలిగ్గా రెచ్చిపోవడం విషయంలో దాదాపు కనిపించలేదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా మనుషులతో, చప్పుళ్లతో, సాటి కుక్కలతో ఎలాంటి పరిచయం దొరికిందన్నది దాని తర్వాతి నడతను చాలావరకు మలుస్తుంది. ఆ రోజులు అమ్మకందారు ఇంటి బోనులో గడిచాయా, తల్లి పక్కన మనుషుల మధ్య గడిచాయా అని అడిగేవాళ్లు అరుదు. జాతి పేరునే గుణంగా చదివే అలవాటు ప్రభుత్వానికీ ఉంది. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కలను క్రూరమైనవిగా లెక్కగట్టి, వాటి అమ్మకాలు, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది. నెల తిరక్కముందే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దదే అవుతుందనేవాళ్ల మాట నిజం. అయితే అది ఒంటి సంగతి, అక్కడ జాతి చెప్పేది నమ్మొచ్చు.

ఆ ఒంటి సంగతినే మనం పట్టించుకోవడం లేదు. హస్కీని సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ ప్రజలు మంచు మీద స్లెడ్జిబండ్లు లాగించడానికి తరతరాలుగా సాకారు. చర్మానికి ఆనుకుని దట్టమైన నూగుబొచ్చు, దాని మీద పొడుగు వెంట్రుకలు, మైళ్ల కొద్దీ పరిగెత్తే శక్తి దానికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర కొద్దిగా పడుతుందంతే. వేడిని వదిలించుకోవాలంటే నాలుక చాచి రొప్పాల్సిందే. రొప్పినప్పుడు నోటిలో, ముక్కులో తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. మామూలుగా 38, 39 డిగ్రీల మధ్య ఉండే కుక్క ఒంటి వేడి 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. రెంటచింతలలో, రామగుండంలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. కోస్తాలో ఇంకో చిక్కు. గాలిలో తేమ ఎక్కువైతే నోటి తడి సరిగా ఆవిరి కాదు, ఎంత రొప్పినా ఫలితం తక్కువ. అందుకే విజయవాడ ఉక్కపోతలో థర్మామీటరు చూపే అంకె కంటే కుక్క పడే బాధ ఎక్కువ. ఇక పగ్‌కైతే ఆ రొప్పే దారే ఇరుకు. పుర్రె కురచబడింది గానీ లోపలి మెత్తటి కండ ఆ మేరకు తగ్గలేదు. ఉన్నదంతా ఇరుకు గొంతులో ముడుచుకుని గాలికి అడ్డం పడుతుంది. దాని గురకను చూసి మురిసిపోతాం, అది చాలాసార్లు ఊపిరి ఆడని అవస్థ. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతటినీ ఆకట్టుకుంది. ఆ మోజు నడిచిన ఏళ్లలో ఆ పొట్టి ముక్కు ఎండకు పనికొస్తుందా అని ఆలోచించినవాళ్లు తక్కువ. అందరికీ మంచిదనిపించుకున్న లాబ్రడార్‌లోనూ ఇలాంటిదే ఉంది. వాటిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు, కడుపు నిండిందని మెదడుకు తెలియజేసే జన్యువులో లోపం ఉందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చారు. అలాంటి కుక్క పళ్లెం ఖాళీ చేసి మళ్లీ మన మొహంలోకి చూస్తుంది. మన ఇళ్లలో మిగిలిన అన్నమంతా ఎక్కడికి వెళుతుందో తెలిసిందే. మూడో అంతస్తు ఫ్లాటులో సోఫాకు సరిపడా ఒళ్లు చేసిన లాబ్రడార్లు ఇలా తయారవుతాయి.

ఏసీ ఉంది కదా అంటారు. ఉంది. హస్కీని బాగానే చూసుకుంటున్న ఇళ్లూ ఉన్నాయి. తెల్లవారకముందే తిప్పుతారు, ఇన్వర్టరు పెట్టుకుంటారు, వేసవిలో పగలు గడప దాటనివ్వరు. వాళ్ల శ్రద్ధను తక్కువ చేయను. కానీ ఆ ఏర్పాటును కుక్క వైపు నుంచి చూడండి. పరిగెత్తడానికి పుట్టిన జంతువు ఏడాదిలో నాలుగైదు నెలలు ఒక చల్లటి గదికి పరిమితమవుతుంది. చల్లదనం దొరుకుతుంది, పరుగు పోతుంది. పోగేసుకున్న ఆ శక్తంతా సోఫా కుట్ల మీదా తలుపు అంచుల మీదా చూపిస్తే "అల్లరిది" అని పేరు పెడతాం. ఇక్కడే పుట్టిందిగా, అలవాటు పడుతుందిలే అనేది రెండో మాట. ఎండకు ఒళ్లు కొంత అలవాటు పడుతుంది, నిజమే. అయినా గుంటూరులో పుట్టిన హస్కీకీ సైబీరియా బొచ్చే వస్తుంది. ఒక కాన్పులో ఒంటి నిర్మాణం మారదు. పోనీ ఆ బొచ్చు గొరిగిస్తే సరిపోతుందా అంటే, పై వెంట్రుకలు నేరుగా పడే ఎండ నుంచి చర్మాన్ని కాపాడతాయి, తీసేస్తే చర్మం కమిలిపోవచ్చు.

మరి ఏది పెంచాలి? మన వాతావరణంలో తరతరాలుగా బతికిన కుక్కలు మన దగ్గరే ఉన్నాయి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు తోలడానికి పెంచిన జోనంగి ఉంది. దాని వెంట్రుకలు ఎంత పొట్టివంటే ఒంటికి ఏమీ లేనట్టే కనిపిస్తుంది. కర్నూలు జిల్లా పందికోన పేరు మీద ఒక రకమే చలామణీలో ఉంది. ఇక ఏ పేరూ లేని వీధికుక్క పిల్లలు ప్రతి సందులోనూ ఉంటాయి. అయితే నాటు కుక్క అనగానే కళ్లు మూసుకుని తెచ్చుకోమని కూడా నేననను. జోనంగి పని కుక్క. గోతులు తవ్వడమంటే దానికి మహా సరదా, రోజంతా తిరగాలి, అపార్టుమెంటు బాల్కనీ దానికి చాలదు. రేపు అది ఫ్యాషనైతే హస్కీకి జరుగుతున్నదే దానికీ జరుగుతుంది. ఒళ్లూ ఇల్లూ సరిపోవాలన్న లెక్క నాటు కుక్కకూ వర్తిస్తుంది.

వీధికుక్క పిల్ల గుణం ఎలాంటిదో ఎవరికి తెలుసు, రేబిస్ మాటేమిటి అని భయపడేవాళ్లున్నారు. దేశంలో కుక్కకాట్ల వార్తలు వింటూ ఆ భయాన్ని ఎగతాళి చేయలేం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ ఆ వైరస్ జాతి చూసి రాదు. వేల రూపాయలు పోసి కొన్న పిల్లకైనా సందులోంచి తెచ్చిన పిల్లకైనా మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా బూస్టరు వేయించాల్సిందే. గుణం విషయంలో, రెండు మూడు నెలల పిల్లను తెచ్చుకుంటే పైన చెప్పిన ఆ కీలకమైన వారాల్లో కొన్నైనా మన చేతిలో ఉంటాయి. పుట్టుక తెలియని పిల్ల అని వెనకాడే మనం, దుకాణంలో చూపించే సర్టిఫికెట్టు కాగితాన్ని ఎంత తేలిగ్గా నమ్ముతామో!

డబ్బు నాది, ఇష్టం నాది, మధ్యలో మీకేమిటి అన్నది చివరి అభ్యంతరం. అందులో బలముంది, ఎందుకంటే చట్టం కూడా దాదాపు ఆ పక్షానే ఉంది. అడవి చిలకను పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. హస్కీని మచిలీపట్నం తీసుకెళితే అడిగేవాళ్లుండరు. 2017 నిబంధనల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవాళ్లు రిజిస్టరు చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కొనేవాణ్ని నీ ఇంట్లో దీనికి చోటుందా అని అడిగే నిబంధన మాత్రం లేదు. పెంచలేక రోడ్డు మీద వదిలేస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. ఇవాళ ఆ డబ్బుకు రెండు బిస్కెట్ ప్యాకెట్లు వస్తాయి. ఊరకుక్కకు వీధిలో బతకడం తెలుసు. నాలుగేళ్లు ఫ్యానుకింద పెరిగిన పగ్‌కు చెత్తకుప్పలో తిండి వెతుక్కోవడం తెలియదు, మిగతా కుక్కలు దాన్ని తమ హద్దుల్లోకి రానివ్వవు. కొనేటప్పుడు ఇష్టం మనదే కావచ్చు, దాని ఫలితం మాత్రం దాని ఒంటి మీదే పడుతుంది.

ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు పశువైద్యుడు. మన దగ్గర ఆయన కుక్కపిల్లను మొదటిసారి చూసేది డబ్బు చేతులు మారాకే. అప్పటికి ఆయన చేయగలిగింది టీకా వేయడం, పిడుదులకు మందు రాయడం, ఎండలో జాగ్రత్త అని చెప్పి పంపడం. ఆ వరస తిరగేయొచ్చు. పిల్లను తేకముందే ఒకసారి వెళ్లి కొన్ని సంగతులు చెప్పండి. మీ ఇంటికి పడమటి ఎండ ఎంత పడుతుంది, మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, పొద్దున్నే తిప్పే ఓపిక ఎవరికుంది, మరో పదేళ్ల తర్వాత కూడా ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉంటారా. ఇవన్నీ విని ఆయన ఫలానా కుక్క తెచ్చుకోండి అనొచ్చు, కుక్క వద్దు, పిల్లిని పెంచుకోండి అనొచ్చు. పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల ఎండ ప్రాంతాలవి, వేడి దానికి కొత్తేమీ కాదు. ఆ సలహాకయ్యే ఫీజు జాతి కుక్కపిల్ల ధరలో లెక్కలోకి రాదు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళితే ఆ మాత్రం కూడా కాకపోవచ్చు.