బేగంపేట గాజు పలకలు

ఖగోళశాస్త్రం మీద ఆసక్తి పుట్టినవాళ్ళకి అందరూ రంగురంగుల నీహారికల ఫొటోలు చూపిస్తారు. నన్నడిగితే ముందు ఒక పాత గాజు పలక చూపించాలి. పక్కకి 16 సెంటీమీటర్లుండే నలుచదరపు పలక. దాని మీద నిలువుగా, అడ్డంగా సన్నటి గీతలు. ఆ గళ్ళ మధ్య సూదిమొనలంత నల్ల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో నక్షత్రం.

ఇలాంటి పలకల వెనక పెద్ద కథే ఉంది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారు చెయ్యాలని 1887లో పారిస్‌లో జరిగిన సమావేశం తీర్మానించింది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో వేధశాలకి ఒక్కోటి అప్పగించారు. ఖగోళ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ ముందు చిలీ దేశంలోని శాంటియాగోకి వెళ్ళింది. అక్కడ పని సాగలేదు. దాన్ని హైదరాబాద్ వేధశాల తీసుకుంది. వృశ్చికరాశి తలభాగంలోని నక్షత్రాలు కొన్ని ఈ పట్టీలోవే.

నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో 1901లో మొదలుపెట్టిన వేధశాల ఇది. 1907లో ఆయన చనిపోయాక ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకి మారి, నిజామియా వేధశాలగా స్థిరపడింది. దాని డైరెక్టర్లు చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత తొలి భారతీయ డైరెక్టరు టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా తర్వాత వీళ్ళ భుజాల మీదే పడింది. వీళ్ళ కొలతలన్నీ కలిపి 12 సంపుటాలయ్యాయి.

ఇక పనితనం సంగతి. పలక మీది ఫొటో పూత తడిసి ఆరేటప్పుడు ఎక్కడో ఒకచోట కొద్దిగా ముడుచుకుంటుంది, లేదా సాగుతుంది. దాంతో నక్షత్రం తన చోటు తప్పుతుంది. దీనికి ఉపాయమే ఆ గళ్ళు. పలకని కడగకముందే, ఐదేసి మిల్లీమీటర్ల ఎడంతో ఉన్న గీతల్ని వెలుతురుతో దాని మీద ముద్రించేవారు. నక్షత్రాలూ గీతలూ కలిసే బయటపడేవి. గళ్ళ చీర ముడుచుకుంటే గళ్ళూ దానితోపాటే ముడుచుకుంటాయి కదా, ఇదీ అంతే. పూత ఎటు జరిగినా పక్కనున్న గీత కూడా జరుగుతుంది. కాబట్టి కొలిచేవాళ్ళు మైక్రోస్కోపులో చూస్తూ, చుక్క దగ్గరి గీతల నుంచి ఎంత దూరంలో ఉందో మాత్రమే రాసుకునేవారు. చుక్క ఎంత లావుగా ఉందో చూసి నక్షత్రం ప్రకాశాన్ని అంచనా కట్టేవారు.

రెండో జాగ్రత్త, పలకల్ని ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా తియ్యడం. ఒక పలక మూల మరో పలక నడిమధ్యకి వస్తుంది. ప్రతి నక్షత్రం కనీసం రెండు పలకల మీద పడుతుంది. ఒకదాంట్లో దుమ్ము కణాన్ని నక్షత్రమనుకుంటే రెండోది పట్టిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడోది. సంపుటాల్లో వాళ్ళు అచ్చువేసింది నక్షత్రం ఆకాశంలో ఉన్న చోటు కాదు, పలక మీద కొలిచిన దూరాలు. ఆకాశంలో చోటు తేల్చాలంటే ముందే తెలిసిన నక్షత్రాలు ఆధారంగా కావాలి. ఆనాటికి ఆ ఆధారాలు అంత నిక్కచ్చిగా లేవు. అందుకే కొలతని కొలతగానే ఉంచి, లెక్కకి కావలసిన అంకెలు విడిగా ఇచ్చారు. మంచి ఆధారాలు దొరికినవాళ్ళు మళ్ళీ లెక్కకట్టుకోవచ్చు.

అలా కట్టేవాళ్ళు నిజంగానే వచ్చారు. 1989లో ఐరోపా వాళ్ళు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల చోట్లని ఎంతో కచ్చితంగా కొలిచింది. అయితే అది పనిచేసింది నాలుగేళ్ళలోపే. నక్షత్రాల నడక చాలా నిదానం. ఆకాశంలో అన్నిటికన్నా వేగంగా కదిలినట్టు కనిపించే బర్నార్డ్ నక్షత్రానికే చందమామ వెడల్పంత జరగడానికి సుమారు 175 ఏళ్ళు పడుతుంది. మిగతావాటిలో చాలావాటి కదలిక నాలుగేళ్ళలో అంత కచ్చితంగా తేలదు. అమెరికా నౌకాదళ వేధశాల పాత పట్టికల్ని, హైదరాబాద్‌వి కూడా కలిపి, ఉపగ్రహం ఇచ్చిన ఆధారాలతో తిరగలెక్క కట్టింది. దశాబ్దాల కిందటి చోటు, ఉపగ్రహం కొలిచిన చోటు పక్కపక్కన పెడితే కదలిక తేలింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. ఆ లెక్కల్లో బేగంపేట కొలతలకీ వాటా ఉంది.

ఆకాశాన్ని గమనించడం ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు ఈ పనివాళ్ళ నుంచి నేర్చుకోదగ్గ అలవాటు ఒకటుంది. తేదీ, సమయం, ఊరు, కంటికి కనిపించింది కనిపించినట్టు ముందు రాసుకోవాలి. అదేమిటన్న మన ఊహని వేరే వరసలో రాసుకోవాలి. ఊహ తప్పైనా కొలత పనికొస్తుంది.