బీదర్: మెరుపు కింద పని

1956 నవంబరు దాకా నారాయణఖేడ్ తాలూకాకు జిల్లా కేంద్రం బీదర్. రాష్ట్రాల పునర్విభజనలో తాలూకా మెదక్ జిల్లాకు వచ్చింది, బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది, దాంతోపాటే నాగల్‌గిద్ద మండలమూ వచ్చింది. పటం మీద గీతలు ఇన్నిసార్లు మారినా ఈ వైపు ఊళ్లలో తెలుగు, కన్నడ, మరాఠీ కలగలిపి మాట్లాడటం మానలేదు. మంజీర దాటితే బీదర్. గోల్కొండ గురించి చదివినంతగా మనం ఆ ఊరి గురించి చదవలేదు. కానీ దక్కనులో చేతిపని ఎంత దూరం పోగలదో చూడాలంటే ముందు వెళ్లాల్సింది అక్కడికే.

బీదర్ పనితనం గురించి చెప్పేవాళ్లంతా మెరుపుల గురించే చెబుతారు. నీలి పలకలు, ముత్యపు చిప్పలు, వెండి తీగలు. దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసేది వేరు. మెరిసేది కొంచెమే. ఆ కొంచెం నిలబడటానికి రాతిలోనో లోహంలోనో చోటు చేసిన పనే ఎక్కువ. ఆ పనిని చూడటం అలవాటైతే ఊరంతా ఒకే చేతి రాతలా కనిపిస్తుంది.

మొదట నేలతో మొదలుపెట్టాలి. బీదర్ ఉన్నది ఎర్రరాతి పీఠభూమి మీద. ఇళ్లు, బురుజులు, ప్రహరీలు చాలావరకు ఆ రాతివే. బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ (పాలన 1422–1436) రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. కోటకు దక్షిణాన ఆయన మనుషులు తవ్విన కందకం మూడు వరుసలది. అది మట్టిలో తవ్విన గుంట కాదు, బండను తొలిచిన పని. తొలుస్తూ మధ్యలో రెండు రాతి గోడలను, పొలంలో గట్లు వదిలినట్టు, అలాగే వదిలేశారు. అవి ఎవరో తెచ్చి కట్టిన గోడలు కావు, తియ్యకుండా మిగిల్చిన బండ. ఎంత తియ్యాలో తెలిసినవాడికన్నా ఎక్కడ ఆగాలో తెలిసినవాడు గొప్ప పనివాడని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

అదే చేయి నేల కిందా పనిచేసింది. ఎర్రరాయికి చిల్లులెక్కువ, వాన నీరు అందులోంచి దిగిపోతుంది. దాని కింద ఉన్న గట్టి నల్లరాయి ఆ నీటిని ఆపుతుంది. ఈ రెండూ కలిసే చోట సొరంగం తొలిచి, కొద్దిపాటి వాలు ఇచ్చి, ఏ మోటా అవసరం లేకుండా నీటిని నడిపించే పద్ధతి ఇరాన్‌ది. దాన్నే ఇక్కడ కరేజ్ అంటారు. నౌబాద్ వైపు కరేజ్‌కు వరుసగా దిగుడు రంధ్రాలున్నాయి. గాలికీ వెలుతురుకీ దారి అవే, తవ్విన మట్టిని పైకి తోడిందీ వాటిలోంచే. వాలు ఎక్కువైతే నీరు సొరంగాన్ని కోసేస్తుంది, తక్కువైతే నిలిచిపోతుంది. చీకట్లో, నేల కింద, ఆ లెక్క తప్పకుండా తవ్వుకుంటూ పోయారు.

కోట నుంచి ఊళ్లోకి వస్తే మహమూద్ గవాన్ మదరసా. గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధాని అయినవాడు. 1472లో పూర్తయిన ఈ విద్యాలయం 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు. మూడంతస్తులు, విద్యార్థులకు 36 గదులు. గ్రంథాలయంలో మూడు వేల రాతప్రతులు ఉండేవని చెబుతారు. కట్టించినవాడు ఆ తర్వాత పదేళ్లు కూడా బతకలేదు. శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో ఆయనను చంపించాడు. మొగలుల కాలంలో ఇక్కడ మందుగుండు దాచారు. 1696లో అది పేలి ముందు భాగంలో సగం, రెండు మీనార్లలో ఒకటి పోయాయి.

మిగిలిన మీనారు ఎత్తు 131 అడుగులు. దాని ఒంటి మీద రంగు పలకలు వంకీలు తిరుగుతూ పైకి పోతాయి. చాలా పలకలు రాలిపోయాయి. ఆ రాలిన చోట్లే మనలాంటి వాళ్లకు పాఠం. గుండ్రటి కట్టడం మీద చదునైన పలకలు అతకాలంటే వెనక సున్నం మందాన్ని ప్రతి పలకకూ సర్దాలి. లేకపోతే వంకీ గీత పక్క పలకలోకి సాగదు, అక్కడే విరిగిపోతుంది. సున్నం మిగిలి పలక పోయిన చోట కూడా గీత ఎటు నడిచిందో ఇప్పటికీ పోల్చుకోవచ్చు. ముందు గోడ మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ఖురాన్ వాక్యాలు నడుస్తాయి. కింద నిలబడి మెడ ఎత్తి చదివేవాడి కోసం అంత లావుగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాశారు. నమూనా సమర్‌కందు, ఖురాసాన్‌ల నుంచి వచ్చినా సున్నం కలిపిన చేతుల్లో ఇక్కడివీ ఉండి ఉంటాయి.

ఈ రెండు చేతులూ పక్కపక్కన కనిపించేది కోటలోని రంగీన్ మహల్‌లో. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లు. చాలాసార్లు తాళం వేసి ఉంటుంది, పురావస్తు శాఖ సిబ్బందిని అడగాలి. ఇప్పుడున్న రూపం చాలావరకు అలీ బరీద్ షా (పాలన 1542–1580) నాటిది. ముందు మండపంలో చెక్క స్తంభాలు, వాటి పైన దూలాన్ని మోసే బోదెలు. ఆ చెక్కడంలో గుడి మండపాలు కట్టిన వడ్రంగుల తీరు కనిపిస్తుంది. రెండడుగులు లోపలికి వేస్తే గోడల మీద కోసి పేర్చిన రంగు పలకలు, ఇంకా లోపల నల్లరాతిలో ముత్యపు చిప్ప. స్తంభం మనవైపుది, పలక ఇరాన్‌ది. రెండూ ఒకే కప్పు కింద తగువు లేకుండా నిలబడ్డాయి.

ఆ చిప్ప పని దగ్గర ఆగాలి. నల్లరాయి బాగా గట్టిది. ముందు దాన్ని నున్నగా మెరిసేదాకా సానపట్టాలి. ఆ మీద తీగలు, పువ్వులు, పారశీక పద్యాల అక్షరాలు గీసి, గీత మేరకు పల్లం తొలవాలి. చిప్పేమో పెళుసు, కోస్తుంటే పొరలుగా లేస్తుంది. దాన్ని పల్లం ఆకారానికి అరగదీసి కూర్చోబెట్టాలి. పారశీక అక్షరం ఒకచోట లావై ఇంకోచోట వెంట్రుకలా సన్నబడుతుంది. సన్నబడే చోటే పరీక్ష. రాయి పెచ్చు లేస్తే మొత్తం పలక పారేయాలి, చిప్ప విరిగితే కొత్తది అరగదీయాలి. రంగీన్ మహల్‌లో ఆ సన్నని కొసలు నాలుగు వందల ఏళ్లకు పైబడి అలాగే ఉన్నాయి. కొన్ని చోట్ల చిప్ప ఊడిపోయి పల్లాలు ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీ పల్లం అంచులు చూడండి, ఎంత నిక్కచ్చిగా ఉంటాయో. చిప్ప వచ్చి కప్పేసే అంచు అది, ఎవరూ చూడరని తెలుసు. అయినా నిక్కచ్చిగానే తొలిచారు.

రాతిలో చిప్ప పొదిగిన ఊళ్లోనే లోహంలో వెండి పొదిగే బిద్రీ పని ఇప్పటికీ నడుస్తోంది. చౌబారా బురుజు, మదరసా చుట్టుపక్కల సందుల్లో బిద్రీ దుకాణాలున్నాయి. పొద్దున పూట వెళ్తే సుత్తి చప్పుడే దారి చూపిస్తుంది. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

బిద్రీ వస్తువు వెండిది అనుకుంటాం. నిజానికి అది జింకుది. పదహారు పాళ్లు జింకు, ఒక పాలు రాగి కలిపి కరిగిస్తారు. మెత్తటి మట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు కట్టి పోస్తారు. బయటికి వచ్చిన కూజానో హుక్కా బుడ్డో గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. ఆకురాయి పట్టి నునుపు చేశాక మైలుతుత్తం నీళ్లు పూస్తారు. పైపొర నల్లబడుతుంది. ఇది అసలు నలుపు కాదు, గీసుకోవడానికి పలక లాంటిది. దాని మీద సూదిమొనతో నమూనా గీస్తే తెల్లటి గీతగా లేస్తుంది. అచ్చుకాగితం, స్కేలు పెద్దగా వాడరు. బుడ్డి పొట్ట మీద తీగ మొదలుపెట్టిన చేయి చుట్టూ తిరిగి వచ్చి మొదటి ఆకును సరిగ్గా కలుస్తుంది.

తర్వాత ఉలి. చిన్న సుత్తితో కొడుతూ గీత వెంట గాడి తీస్తారు. ఈ గాడిలోనే ఉంది అసలు నేర్పు. గాడి నిటారుగా ఉంటే వెండి తర్వాత ఊడిపోతుంది. అడుగు కొంచెం వెడల్పుగా, నోరు కొంచెం ఇరుకుగా ఉండాలి. అప్పుడు వెండి తీగ పెట్టి సుత్తితో కొడితే మెత్తటి వెండి అడుక్కి పరుచుకుని ఇరుక్కుంటుంది. జిగురు లేదు, అతుకు లేదు. రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సన్న తీగతో చేసే పనిని తార్‌కషీ అంటారు, వెండి రేకు కత్తిరించి లోతుగా పొదిగితే తెహ్‌నిషాన్, నమూనా పైకి ఉబికేలా చేస్తే జర్‌బులంద్.

పొదగడం అయ్యాక మొత్తం మళ్లీ ఆకురాయి పడుతుంది. పైన పూసిన తాత్కాలిక నలుపు పోతుంది. ఆ క్షణంలో బిద్రీ చూస్తే ఎవరికైనా నిరాశే. జింకు తెలుపు, వెండి తెలుపు కలిసిపోయి, వారాల తరబడి చేసిన తీగలన్నీ కనబడకుండా పోతాయి. అప్పుడు బీదర్ మట్టి రంగంలోకి దిగుతుంది. కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని పాత కట్టడాల్లోంచి తెచ్చే మట్టి అది. మంచిదా కాదా అన్నది పనివాళ్లు నాలుక మీద వేసి చెబుతారు. ఆ మట్టిని నవసాగరంతో నీళ్లలో కలిపి, వస్తువును కొద్దిగా వేడి చేసి రుద్దుతారు. జింకు కాటుక నల్లగా మారుతుంది, వెండిని ఆ మందు అంటదు. ఒక్క రుద్దుతో తీగ, ఆకు, పువ్వు అన్నీ లేచి నిలబడతాయి. చివర నూనె పూస్తే నలుపు స్థిరపడుతుంది. చేసిన పనిని చూపించేది చివరికి వెండి కాదు, ఆ నలుపే.

ఇంత చూశాక ఆకలి వేస్తుంది. చౌబారా అంటే పాత ఊరి నడిబొడ్డున 71 అడుగుల ఎత్తున నిలిచిన గుండ్రటి బురుజు, ఇప్పుడు గడియారం కూడా ఉంది. దాని దగ్గర కలిసే నాలుగు దారుల్లోనూ ఇరానీ చాయ్, మిర్చీ, మురుమురాలు దొరుకుతాయి. తినేముందు కాసేపు బండివాడి చేతులు చూడండి.

సుస్లా ఈ వైపు పొద్దుటి పలహారం. మురుమురాలను నీళ్లలో ముంచి వెంటనే పిండాలి. కాస్త ఆలస్యమైతే ముద్దవుతాయి, త్వరపడితే లోపల గట్టిగా ఉండిపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఆ పొడి చివరే పడాలి. మురుమురాల మీద మిగిలిన తడిని అదే పీల్చుకుని గింజను గింజకు అంటకుండా విడదీస్తుంది. మిర్చీకైతే కాయను పొడుగునా చీల్చి, వాము, చింతపండు కూరతారు. శనగపిండి జారుగా ఉంటే కాయ నుంచి జారిపోతుంది, గట్టిగా ఉంటే లోపల పచ్చిగా మిగులుతుంది. బండివాడు కొలిచేది కళ్లతో కాదు, వేళ్ల మీంచి పిండి జారే తీరుతో.

ఖానావళిలో కూర్చుంటే జొన్న రొట్టె. నాగల్‌గిద్ద వాళ్లకు రొట్టె గురించి చెప్పడమేమిటని నవ్వుకోవచ్చు. కానీ రోజూ ఇంట్లో చూసేదాన్ని పనితనంగా చూడటం తక్కువ. గోధుమపిండిలో సాగే గుణం ఉంది, జొన్నపిండిలో లేదు. అందుకే ఉడుకు నీళ్లు పోసి పిండిని కొంచెం ఉడికించి, ఆ జిగటను అరచేతి మడమతో నొక్కి నొక్కి తీసుకురావాలి. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత పీట మీద రెండు చేతులతో తట్టుతూ తిప్పితే అంచు చీలకుండా పరుచుకుంటుంది. పెంక మీద వేశాక పైవైపు నీళ్లు పూస్తారు, పొడిపిండి పోయి పొర మూసుకుంటుంది. ఆవిరి లోపల చిక్కుకుంటేనే రొట్టె పొంగుతుంది. పొంగిందంటే మెదపడం దగ్గర లోపం లేదని అర్థం. పక్కన పల్లీల కారం, గుత్తి వంకాయ ఉంటే చాలు.

మధ్యాహ్నం అష్టూరు వెళ్లాలి. అక్కడున్న అహ్మద్ షా వలీ సమాధి లోపల గోపురం నిండా బంగారం, ఇంగిలీకం, నీలం రంగుల్లో అక్షరాలు, లతలు. కిర్మాన్ సూఫీ షా నిమతుల్లా పద్యాలు అందులో ఉన్నాయి. ఏటా జరిగే ఉర్సుకు ముస్లింలతో పాటు లింగాయతులూ వస్తారు, అహ్మద్ షాను వాళ్లు అల్లమ ప్రభువుగా కొలుస్తారు. దారిలో సూఫీ ఖలీలుల్లా సమాధి చౌఖండీ దగ్గర కమాను అంచు చూడండి, నల్లరాతిని పేనిన తాడులా చెక్కారు.

ఇవన్నీ మొదటిసారి వరుసగా కొలిచి రాసినవాడు నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ. ఆయన పుస్తకం 1947లో అచ్చయింది. ప్రపంచ కట్టడాల నిధి 2014లో బీదర్ నగరాన్ని తన హెచ్చరిక జాబితాలో చేర్చింది. గుర్తింపులు వచ్చినా ఊడిన పలకకు అలాంటి పలక చేసేవాళ్లు ఊళ్లో మిగల్లేదు. బిద్రీ ఒక్కటే చేతి నుంచి చేతికి వస్తోంది, దానికీ వెండి ధర బరువైంది.

కాబట్టి బీదర్ వెళ్లినవాళ్లు చిన్న బిద్రీ డబ్బా అయినా కొనాలి, అదీ చూసి కొనాలి. కళ్లు మూసుకుని బొటనవేలు పొదుగు మీద నడపండి. తార్‌కషీ అయితే వెండి ఎక్కడ మొదలై నలుపు ఎక్కడ ఆగిందో వేలికి తెలియకూడదు. తగిలిందంటే గాడి లోతు చాలలేదు. తీగ రెండు కొసలు కలిసే చోటు వెతకండి, ఆకు కిందో పువ్వు కిందో దాగి ఉండాలి. నలుపు అన్ని చోట్లా ఒకేలా ఉందా చూడండి. అన్నీ సరిపోతే బేరం ఎక్కువ ఆడకండి. ఏళ్లు గడిచి నలుపు వెలిసినట్టు అనిపిస్తే కొద్దిగా కొబ్బరినూనె పూసి మెత్తటి గుడ్డతో తుడవండి, మళ్లీ నల్లబడుతుంది.