పళ్లంటే ఏమిటో తెలియని పిల్లలకు చెప్పిన పాఠం

శుక్రగ్రహం మీద పిల్లలకు చరిత్ర పాఠం జరుగుతోంది. ఇప్పటికి నాలుగు కోట్ల ఏళ్ల తరవాతి పిల్లలు వాళ్లు. భూమి ఎలా నాశనమైందో వింటున్నారు. మాటల్లో పాతకాలపు మనిషి పళ్ల ప్రస్తావన వస్తుంది. పళ్లంటే నోట్లో ఉండే ఎముకల్లాంటివని బ్రాకెట్లో ఒక ముక్క చెప్పేసి పాఠం ముందుకు సాగిపోతుంది.

బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1927లో అచ్చు వేసిన 'ది లాస్ట్ జడ్జ్‌మెంట్' అనే వ్యాసంలో నన్ను కట్టిపడేసిన పనితనం ఈ బ్రాకెట్టే. ఇంకొకరైతే పెద్ద తలకాయలు, సన్నటి వేళ్లు అంటూ పేజీ నింపేవారు. హాల్డేన్ రాబోయే మనిషిని వర్ణించడు. ఆ మనిషికి ఏది తెలియకుండా పోయిందో చూపిస్తాడు. పిల్లలకు అది మామూలు సంగతే. ఉలిక్కిపడడం మన వంతు.

ఈ పద్ధతి ఆయనకు కొత్త కాదు. 1923లో కేంబ్రిడ్జిలో చేసిన 'డేడలస్' ప్రసంగంలో తల్లి గర్భం బయట పిల్లల్ని పెంచే రోజులను ఊహించాడు. ఆ ఊహను నూట యాభై ఏళ్ల తరవాతి విద్యార్థి వ్యాసంగా చెప్పించాడు. ఆ విద్యార్థి తెలివైనవాడు కూడా కాదు. చప్పటి గొంతు వల్లే వింత నమ్మదగినదవుతుందని హాల్డేన్ కనిపెట్టాడు.

'ది లాస్ట్ జడ్జ్‌మెంట్'లో భూమి పతనానికి కారణం యుద్ధం కాదు, సుఖం. మనుషులు సముద్రపు ఆటుపోట్ల నుంచి శక్తి తోడుకుంటూ పోతారు. దానివల్ల భూభ్రమణం మందగిస్తుంది, రోజు సాగుతుంది, చివరికి చంద్రుడు దగ్గరికొచ్చి ముక్కలవుతాడు. ఇదంతా వాళ్లకు ముందే తెలుసు. కానీ మూడువేల ఏళ్ల ఆయుష్షు, సంగీతం, కళలు, స్నేహాలు ఉన్నవాళ్లకు కోట్ల ఏళ్ల తరవాతి సంగతి ఎందుకు? ప్రకృతి ఎంపిక ఆగిపోయింది. అందం చెడుతుందని మనిషి ఆకారాన్ని పెద్దగా మారనివ్వలేదు కూడా. ఈ వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పరిణామానికి మన అభిరుచే అడ్డుపడవచ్చన్న ఆలోచన 1927 నాటిదంటే నమ్మబుద్ధి కాదు.

కొద్దిమంది మాత్రం శుక్రుడికి తగ్గ జాతిని తయారుచేయడానికి పూనుకుంటారు. భూమ్మీది ఆక్సిజన్‌లో పదోవంతుతో బతకాలి. రేడియో తరంగాలను పట్టే కొత్త ఇంద్రియం ఉండాలి, నిద్రలోనూ సమాజం గొంతు వినిపిస్తూనే ఉండాలి. ఈ పనికి పదివేల ఏళ్లు పట్టిందంటాడు. మా కిష్టారెడ్డిపేట వైపు వాళ్లకు ఈ ఓపిక అర్థమవుతుంది. పక్కనే పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థలో ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకునే జొన్న, సజ్జ, కంది రకాలను తరం వెంట తరం ఎంచుకుంటూ వస్తున్నారు. పొలంలో జరిగే పనినే హాల్డేన్ మనిషి మీద ఊహించాడు.

శుక్రుడి ఉపరితలం దాదాపు 460 డిగ్రీల కొలిమి అని తరవాత తేలింది. దానివల్ల కథనానికి లోటేమీ లేదు.

ఇంత దూరం చూసిన కన్నే అతి దగ్గరిదాన్నీ చూసింది. 1957లో హాల్డేన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాక ఆయన దగ్గర చేరిన పిఠాపురం యువకుడు ద్రోణంరాజు కృష్ణ, ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీది వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ ద్వారా వస్తాయా అని పరిశీలించాడు. 1960లో ఆ పని అచ్చయింది. ఆ ప్రతిపాదనను తరవాతి పరిశోధనలు సమర్థించలేదు గానీ, వంశవృక్షాలు పట్టుకుని ఇంటింటి చెవులనూ లెక్కలోకి తెచ్చిన శ్రద్ధ హాల్డేన్ బడిదే. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయిన హాల్డేన్ దేహం వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

వ్యాసంలో చివరి మెలిక నాకు అన్నిటికన్నా గొప్పది. పాఠం చెప్పేది శుక్రుడి మనిషి కదా, భూమివాళ్ల కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చదు. గెలిచినవాళ్లు రాసుకున్న చరిత్ర అది. ఆ గొంతును అంత నమ్మకంగా పలికించాక హాల్డేన్ వేషం తీసేసి తన మాటగా చెబుతాడు: భూమివాళ్లు సొంత సుఖంలో మునిగారు, శుక్రుడివాళ్లు చీమలపుట్టలో భాగాలైపోయారు, తన ఆదర్శం ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉందని. ఆ మధ్య చోటును మాత్రం ఆయన గీసి చూపలేదు.